మిగులు బడ్జెట్ అంటున్నరు, బిల్లులు మాత్రం ఆగుతున్నయి: బల్దియా ముసాయిదా ఎట్ల చదవాలి?

పానగల్ రోడ్ (నల్లగొండ):

కాలనీ సంఘాల తరఫున ఒక మున్సిపాలిటీ ముసాయిదా బడ్జెట్ మీద అభ్యంతరాలు రాసివ్వాలి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పట్టణమే, జనాభా లక్షన్నర దాకా. పేరు వద్దు. అంకెలు కూడా మార్చి గుండ్రంగా పెడుతున్నా, లెక్క తీరు అర్థమైతే చాలు.

మొత్తం బడ్జెట్ 96 కోట్లు. అందులో గ్రాంట్లు, పథకాల పైసలు 58 కోట్లు: ఆర్థిక సంఘం 9, రాష్ట్ర గ్రాంటు 7, అమృత్ (కేంద్రం పట్టణాలకు ఇచ్చే నీటి పథకం) 30, మిగతావి 12. సాధారణ నిధి రాబడి 38 కోట్లు: ఇంటి పన్ను 21, నల్లా బిల్లులు 3, నిర్మాణ అనుమతులు, అభివృద్ధి ఛార్జీలు 6, మడిగెల కిరాయి, ట్రేడ్ లైసెన్సులు, తైబజారు కలిపి 2, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 5, ఇతరాలు 1.

సాధారణ నిధి ఖర్చు 37.2 కోట్లు: జీతాలు, కార్మికుల వేతనాలు 13, కరెంటు 5, చెత్త బండ్లు, డీజిల్, మరమ్మతులు 3, నీటి సరఫరా నిర్వహణ 3, హరిత నిధి (మొక్కల పెంపకం) 3.8, వార్డుల్లో సీసీ రోడ్లు, మోరీలు 9.4. మిగులు 80 లక్షలు.

పూర్తయిన పనుల బిల్లులే 7 కోట్లు రావాలని కాంట్రాక్టర్లు అంటున్నరు. ఆ 7 కోట్లు ముసాయిదాలో ఏ పద్దు కిందా లేవు. మిగులు ఉంటే బిల్లులు ఎందుకు ఆగినయి? ఇంకో సంగతి, చుట్టుపక్కల గ్రామాలు కలిపే మాట నడుస్తున్నది, కలిస్తే ఖర్చు ఎంత పెరుగుతదో ఎట్ల అంచనా వేయాలి? మీటింగుకు ముందు ఏ కాగితాలు అడగాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

—

పద్దుల పుస్తకం:

ముందు 96 కోట్లు అనే అంకెను పక్కన పెట్టండి. అందులో 58 కోట్లు ఊరి చేతిలో ఉన్న పైసలు కావు. అమృత్ 30 కోట్లు వస్తే అమృత్ పనికే పోతాయి, రాకపోతే పనీ ఉండదు, ఖర్చూ ఉండదు. బడ్జెట్ పెద్దగా కనబడటానికి తప్ప ఆ అంకె దేనికీ పనికిరాదు. చూడాల్సింది సాధారణ నిధి 38 కోట్లు ఎంత నిజం అన్నది.

ముసాయిదాలో ప్రతి పద్దుకూ నాలుగు గడులు ఉంటాయి: పోయిన ఏడాది వాస్తవ లెక్క, ఈ ఏడాది బడ్జెట్ అంచనా, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. అందరూ ఆఖరి గడి చదువుతారు. చదవాల్సింది మొదటిది. మూడేళ్ళ బడ్జెట్ పుస్తకాలు తెచ్చి, మూడింటిలోని వాస్తవాలను ఒక వరుసలో రాసుకోండి. ప్రతి ఏడూ ఇంటి పన్ను అంచనా 20 దాటి, వాస్తవం 9 దగ్గర ఆగుతుంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

ఇంటి పన్ను 21 ఎట్ల వచ్చిందో చెబుతా. డీసీబీ పట్టిక అడగండి (డిమాండ్, వసూలు, బాకీ). సాధారణంగా ఈ సంవత్సరపు డిమాండ్, పాత బకాయి మొత్తం కలిపి రాబడిగా రాసేస్తారు. మీ ఊరికి డిమాండ్ 12, బకాయి 9 అనుకుందాం. ఆ 9లో నెలకు 2 శాతం చొప్పున పేరుకున్న వడ్డీయే 4 కోట్లు ఉంటుంది. ఆ వడ్డీని సున్నా అనుకోండి. ప్రభుత్వం వన్ టైమ్ సెటిల్‌మెంట్ కింద 90 శాతం వడ్డీ మాఫీ ఒకటికి రెండుసార్లు ఇచ్చింది కాబట్టి, మళ్ళీ ఇస్తుందని మొండి బకాయిదారు ఆగుతాడు. మిగిలిన 5 కోట్ల అసలులో ఏడాదికి 20 శాతం వస్తే మంచి వసూలే, అంటే 1 కోటి. ఈ ఏటి డిమాండ్‌లో 72 శాతం వసూలు వేసుకుంటే 8.64. మొత్తం 9.64 కోట్లు. 21 ఎక్కడ, 9.64 ఎక్కడ!

దాంట్లోనూ అంతా మనది కాదు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. బల్దియా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. వసూలులో సెస్సు కలిసే ఉంటే 108లో 8 వంతు, అంటే దాదాపు 71 లక్షలు. ఇది వాడేసుకుంటే మిగులు అనిపిస్తుంది, కొన్నేళ్ళకు బాకీగా తేలుతుంది. తీసేస్తే 8.9.

సరిచూసుకోవడానికి ఇంకో దారి. పోయిన ఏడాది డిసెంబర్ ఆఖరుకు మొత్తం వసూలులో ఎంత వంతు వచ్చిందో చూడండి. 58 శాతం అనుకుంటే, ఈ ఏడాది డిసెంబర్ దాకా 5.4 కోట్లు వచ్చి ఉంటే మార్చి ఆఖరుకు 5.4ను 0.58తో భాగిస్తే 9.3 కోట్లు. తొమ్మిది నెలల వసూలును 9తో భాగించి 12తో గుణించొద్దు. 5 శాతం రాయితీ ఉండే ఏప్రిల్‌లోనూ, గడువు ముంచుకొచ్చే ఫిబ్రవరి, మార్చిలోనూ వసూలు గుంపుగా వస్తుంది. నెలవారీ సగటుకు అర్థం లేదు.

ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 5 కోట్లు నిజమో కాదో తేల్చడం సులువు. 2021 జులై 22 నుంచి మనకు స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. అందులో స్థానిక సంస్థకు చెందేది 1.5. ఏడాదికి 5 కోట్లు రావాలంటే పట్టణ పరిధిలో 333 కోట్ల విలువైన రిజిస్ట్రేషన్లు జరగాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లెక్కతో పోల్చండి. పైగా ఇది ఖాతాకు సర్దుబాటు అయ్యేసరికి ఆలస్యమవుతుంది, జమ అయిన మొత్తమే లెక్క, రావాల్సింది కాదు. 3.5 వేద్దాం.

నిర్మాణ అనుమతుల ఫీజు ప్లాట్ల బేరాలను బట్టి ఎగురుతుంది, పడుతుంది. మూడేళ్ళలో అన్నిటికన్నా తక్కువ ఏడాది ఎంతో అదే వేయాలి: 4. ఎల్ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఫీజును ఇందులో కలిపారేమో కూడా చూడండి. అది ఒకసారి వచ్చే పైస, ఆ లేఅవుట్ల వసతులకే పెట్టాలి. దాంతో జీతాలు ఇస్తే వచ్చే ఏడాది జీతాలకు ఏం చేస్తారు? నల్లా బిల్లులు 1.6, మడిగెలు వగైరా 1.7, ఇతరాలు 1.

కూడండి: 8.9, 1.6, 4, 1.7, 3.5, 1. మొత్తం 20.7 కోట్లు. తప్పనిసరి ఖర్చు: 13, 5, 3, 3. మొత్తం 24. ఒక్క మోరీ తవ్వకముందే 3.3 కోట్లు లోటు.

ఇది పూడ్చే దారి ఉంది, చాలా ముసాయిదాల్లో దాన్నే వాడుకోరు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో మనలాంటి పట్టణాలకు 40 శాతం షరతుల్లేని భాగం, 60 శాతం షరతులున్న భాగం. ఆ 60లో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. జీతాలకు, ఆఫీసు ఖర్చుకు ఏ భాగమూ వాడకూడదు. కానీ చెత్త సేకరణ, పైపుల మరమ్మతు, క్లోరిన్ లాంటివి షరతున్న పద్దులోకే వస్తాయి. 9 కోట్లలో 60 శాతం 5.4, అంటే 2.7 చొప్పున రెండు భాగాలు. పారిశుద్ధ్య వాహనాల 3 కోట్లలో 2.7, నీటి నిర్వహణ 3 కోట్లలో 2.7 అటు మారిస్తే సాధారణ నిధి మీద భారం 18.6కు దిగుతుంది. ఆ 15వ సంఘం కాలం 2026 మార్చితో సరి. 2026-27 నుంచి 16వ సంఘం కాలం కాబట్టి దాని మార్గదర్శకాల ప్రకారమే విభజన వేయాలి. ఇక్కడ పాత నిష్పత్తితో చూపిస్తున్నా.

20.7లోంచి 18.6 పోతే 2.1 కోట్లు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం హరిత నిధి పక్కన పెట్టాలి. 20.7 మీద వేసినా 2.07. మిగిలింది మూడు లక్షలు!

అంటే ముసాయిదాలో వార్డు పనులకు పెట్టిన 9.4 కోట్లకు పైసలు లేవు. అయినా బడ్జెట్‌లో కేటాయింపు ఉంది కాబట్టి పరిపాలనా మంజూరు వస్తుంది, టెండర్ అవుతుంది, అగ్రిమెంట్ రాస్తారు, రోడ్డు పడుతుంది, ఎం-బుక్‌లో (అయిన పని కొలతలు రాసే పుస్తకం) కొలతలు ఎక్కుతాయి, బిల్లు ఆగుతుంది. మీరు అడిగిన 7 కోట్లు ఇట్లనే పుట్టినయి. నగదు లెక్కన రాసే బడ్జెట్‌లో చెల్లించని బిల్లు ఖర్చు కాదు, అందుకే మిగులు మిగులుగానే కనబడుతుంది. ఆ 7 కోట్లు దొరికేది ఆస్తి అప్పుల పట్టీలో, చెల్లించాల్సిన బాకీల కింద.

—

మూడో వైరు:

కరెంటు పద్దు 5 కోట్లు కూడా అట్లనే వదిలేయకండి. పోయిన ఏడాది బిల్లుకు పది శాతం కలిపి రాస్తే అది అంచనా కాదు. మీటర్ నంబర్ వారీగా పన్నెండు నెలల బిల్లుల జాబితా అడగండి. పంపుహౌస్‌లు ఒక గుంపు, వీధి దీపాలు ఒక గుంపు, ఆఫీసులు ఒక గుంపు.

నీళ్ళ లెక్క: 10 లక్షల లీటర్లను 30 మీటర్ల మొత్తం ఎత్తుకు ఎక్కించడానికి (పైపు రాపిడి కలుపుకొని) సిద్ధాంత ప్రకారం 81.75 యూనిట్లు చాలు. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 65 శాతం ఉంటే 126 యూనిట్లు, 45 శాతానికి పడిపోతే 182. మిషన్ భగీరథ లెక్క ప్రకారం మున్సిపాలిటీలో మనిషికి 135 లీటర్లు, లక్షన్నర మందికి రోజుకు 2 కోట్ల 2.5 లక్షల లీటర్లు. సంపుల నుంచి ట్యాంకులకు ఇదంతా ఎక్కించాలంటే 65 శాతం దగ్గర రోజుకు 2,547 యూనిట్లు, 45 శాతం దగ్గర 3,679. తేడా 1,132 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే ఏడాదికి 29 లక్షలు గాలికి. మీ బిల్లులోని అసలు రేటు వేసుకోండి.

సామర్థ్యం ఎందుకు పడుతుందంటే ఇంపెల్లర్, వేర్ రింగులు అరుగుతాయి. లేదా ఎక్కువ ఎత్తుకు కొన్న పంపును తక్కువ ఎత్తుకు నడుపుతూ వాల్వ్ సగం మూసి ఉంచుతారు. రెండోది ఎక్కువ. గ్రావిటీ మీద ట్యాంకుకు నీళ్ళు ఎక్కే చోట పాత బూస్టర్ పంపు ఇంకా తిరుగుతుండటం కూడా ఉంటుంది. భగీరథ లైను వచ్చాక ఏ పంపులు నిజంగా అవసరమో మళ్ళీ లెక్క వేయరు.

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉంటే బిల్లులో కాంట్రాక్ట్ డిమాండ్ (ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ లోడు), రికార్డయిన డిమాండ్ (నిజంగా వాడిన గరిష్ఠ లోడు) పక్కపక్కన చూడండి. రికార్డయింది తక్కువైనా కాంట్రాక్ట్‌లో 80 శాతానికి ఛార్జీ పడుతుంది. 200 కేవీఏ తీసుకొని 110 వాడితే 160కి కడతారు, 50 కేవీఏ ప్రతి నెలా ఊరికే. డిమాండ్ తగ్గించమని డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థ) దరఖాస్తు పెడితే పోతుంది. హెచ్‌టీ బిల్లు మామూలు యూనిట్ల మీద కాక కేవీఏహెచ్ మీద కాబట్టి పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.85 ఉంటే 0.98తో పోల్చి దాదాపు 15 శాతం ఎక్కువ. పవర్ ఫ్యాక్టర్‌ను నిలబెట్టే కెపాసిటర్ బ్యాంకు కాలిపోయి ఉంటుంది, మార్చరు. ఎందుకంటే కెపాసిటర్ కొనేది మరమ్మతుల పద్దు, నష్టం వచ్చేది కరెంటు పద్దు.

వీధి దీపాలు: 10,000 దీపాలు, సగటున 70 వాట్లు, రోజుకు 11.5 గంటలు, 8,050 యూనిట్లు. పొద్దున ఒక గంట ఆలస్యంగా ఆరితే 700 యూనిట్లు అదనం, ఏడాదికి 2.55 లక్షల యూనిట్లు, అదే రేటు మీద 18 లక్షల దాకా. టైమర్‌ను ఎండాకాలం, చలికాలం మార్చకపోవడం ఒక కారణం. మూడో వైరు (వీధి దీపాలను విడిగా ఆర్పడానికి వేసే లైను) లేని గల్లీల్లో దీపాలు పగలంతా వెలగడం అంతకన్నా పెద్ద కారణం. అసలు మీటరే లేని చోట లోడు అంచనా మీద బిల్లు వేస్తారు. పాత సోడియం దీపాలు తీసేసి ఎల్ఈడీలు పెట్టినా డిస్కం రికార్డులో లోడు మారకపోతే పాత బిల్లే వస్తుంది. ఉమ్మడి తనిఖీ చేసి లోడు సవరించుకోవాలి.

అమృత్ 30 కోట్ల గురించి ఒక మాట. కొత్త ట్యాంకు, కొత్త లైను కడితే మరుసటి ఏడాది నుంచి దాన్ని నడిపే ఖర్చు సాధారణ నిధి మీదే. క్లోరిన్ ఒక్కటే చూడండి: రోజుకు 2.025 కోట్ల లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాములు వేస్తే 40.5 కిలోల క్లోరిన్, 33 శాతం బ్లీచింగ్ పౌడర్ అయితే 123 కిలోలు. పాత సంచి అయితే క్లోరిన్ శాతం తగ్గి ఇంకా ఎక్కువ పడుతుంది. ముసాయిదాలో కొత్త ఆస్తి ఉంటే దాని నిర్వహణ ఖర్చు పక్కనే ఉందా అని అడగండి. ఉండదు.

—

పాలమూరు మడిగె:

గ్రామాలు కలిపే సంగతి నేను చెప్త. మహబూబ్‌నగర్ 2025ల కార్పొరేషన్ అయింది, చుట్టూ గ్రామాలు వచ్చి కలిసినయి. పేరు పెద్దగైంది గని లెక్క ముందుగాల వేసుకోకపోతే బల్దియాకు భారమే.

రాబడి దిక్కు: గ్రామానికి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు పంచాయతీ వాటా కింద ఆగిపోతది. పట్టణ వాటా కిందికి ఎప్పటినుంచి మారుతదో ఉత్తర్వు చూడాలె, నడుమ ఒక ఏడాది ఖాళీ పడొచ్చు. ఉపాధి హామీ పనులు ఆగుతయి. ఇంకుడు గుంతలు, నర్సరీలు, మట్టి రోడ్లు అప్పటిదాకా ఆ పైసలతోని నడిచినయి, ఇగ బల్దియా జేబుల నుంచి. ఇంటి పన్ను పెరుగుతదని అంటరు గని, పంచాయతీ రిజిస్టర్‌ల కొలతలే సరిగ్గ ఉండవు. ప్రతి ఇల్లు మళ్ళ కొలిచి, వార్షిక అద్దె విలువ కట్టి, నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విని డిమాండ్ ఖరారు చేసేటాళ్ళకు చాన రోజులు పడ్తది. మొదటి ఏడాది పెరుగుదల సున్నా రాసుకోండ్రి.

ఖర్చు దిక్కు ఒక్కో గ్రామానికి ఇవి అడగాలె. పంచాయతీ కరెంటు బాకీ ఎంత. బోరు మోటార్లు, వీధి దీపాల కనెక్షన్లు ఎన్ని. వీధి దీపాల టారిఫ్ పంచాయతీకి వేరు, మున్సిపాలిటీకి వేరు, కార్పొరేషన్‌కు వేరు. దీపాలు అవే ఉన్నా బిల్లు మారుతది, కార్పొరేషన్ అయితే పాత పట్టణం దీపాలకు గూడ కొత్త స్లాబ్. పంచాయతీ కార్మికులు ఎందరు, వాళ్ళ వేతనం పట్టణ కార్మికులతోని సమానం చేయాల్నా. పల్లె ప్రగతిల కొన్న ట్రాక్టర్ మీద బ్యాంకు అప్పు ఇంకా ఉన్నదా, కిస్తీలు ఎవరు కడ్తరు. వైకుంఠధామం, ప్రకృతి వనం, డంపింగ్ షెడ్డు ఏ స్థితిల ఉన్నయి. పంచాయతీ పెద్దమనుషులు సొంత పైసలు పెట్టి చేసిన పనుల బిల్లులు బాకీ ఉంటే అవి గూడ బల్దియా నెత్తినే పడ్తయి, విలీనం నాటి ఆస్తి అప్పుల జాబితా మీద ఇద్దరి సంతకాలు లేకపోతే తర్వాత కొట్లాటలే.

చెత్త బండి దూరం గూడ లెక్కల రాదు. పట్టణంల ఒక స్వచ్ఛ ఆటో తిరిగే దూరం, విడివిడిగ ఉన్న ఊర్లు తిరిగే దూరం ఒకటి కాదు. ట్రిప్పుకు పది కిలోమీటర్లు పెరిగితే రోజుకు రెండు ట్రిప్పులకు 20, నెలకు 600 కిలోమీటర్లు, ఒక్క బండికి. డీజిల్ తోని పాటు టైర్లు, క్లచ్ ప్లేట్లు తొందరగ అరుగుతయి.

—

సవరణ అంచనా:

పద్దుల పుస్తకం గారి లెక్క మీద చిన్న అభ్యంతరం. వేతనాలు 13 కోట్లు అన్న ముసాయిదా అంకెను ఆయన అట్లనే తీసుకున్నారు. అందులో యజమాని వాటా ఉందా లేదా చూడాలి. ఉదాహరణకు 400 మంది పొరుగు సేవల కార్మికులు, 2021 జూన్ జీవో 60లోని కనిష్ఠ శ్రేణి 15,600 చొప్పున. వేతనం మాత్రమే వేస్తే ఏడాదికి 7.49 కోట్లు. యజమాని వాటా ఈపీఎఫ్ 13 శాతం 2,028, ఈఎస్ఐ 3.25 శాతం 507 కలిపితే మనిషికి 18,135, ఏడాదికి 8.70 కోట్లు. తేడా 1.22 కోట్లు. ఈ తేడాను వదిలేసిన ముసాయిదాలు ఉంటాయి. ఏజెన్సీకి ఇస్తున్నాం, వాళ్ళు కడతారు అంటారు. ఏజెన్సీ కట్టకపోతే ప్రధాన యజమానిగా నోటీసు మున్సిపాలిటీకే వస్తుంది. ఈపీఎఫ్ ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ, దాని మీద నష్టపరిహారం వేరు. ప్రతి నెల ఏజెన్సీ బిల్లుతో పాటు చలానా, కార్మికుల పేర్ల ఈసీఆర్ (ఈపీఎఫ్ నెలవారీ రిటర్ను) జత చేస్తేనే చెల్లింపు అన్న షరతు పెట్టుకోవాలి, ఈసీఆర్‌లో తల లెక్క హాజరు పట్టీతో సరిపోవాలి.

ఇంకొకటి, ప్రారంభ నిల్వ. ఏప్రిల్ 1న ఖాతాల్లో 11 కోట్లు ఉన్నాయని రాస్తే అది ఖర్చు పెట్టగల మొత్తం అనుకోవద్దు. కాంట్రాక్టర్ల ధరావతులు, బిల్లుల నుంచి పట్టుకున్న ఎఫ్‌ఎస్‌డీ (అదనపు హామీ సొమ్ము), నల్లా డిపాజిట్లు, మడిగెల అడ్వాన్సులు తిరిగి ఇవ్వాల్సినవి. 1 శాతం లేబర్ సెస్సు, రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టుల మీద 2 శాతం జీఎస్టీ టీడీఎస్, ఆదాయపు పన్ను టీడీఎస్ వేరేవాళ్ళవి. ఆదాయపు పన్ను 7వ తేదీ, జీఎస్టీ 10వ తేదీ, ఈపీఎఫ్, ఈఎస్ఐ 15వ తేదీ దాటితే వడ్డీ మొదలవుతుంది. ఖర్చు కాని గ్రాంట్లు కూడా ఆ నిల్వలోనే ఉంటాయి. ఇవన్నీ తీసేసి చూడండి, చాలాసార్లు 11 కోట్లు కోటిన్నర కూడా ఉండదు. తీసేయగా సున్నా కంటే కిందికి పోతే, గ్రాంటు పైసలు వేరే పనికి వాడినట్టు. సాధారణ నిధి ట్రెజరీలోని పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలో ఉంటే పాస్‌బుక్ నిల్వ ఉన్నా బిల్లు క్లియర్ అయ్యే రోజు మన చేతిలో ఉండదు, నగదు ప్రణాళికలో దాన్ని కూడా లెక్క పెట్టాలి.

మీటింగుకు ముందు అడగాల్సిన కాగితాలు: వార్డుల వారీ డీసీబీ, వంద మంది పెద్ద బకాయిదారుల జాబితా (ప్రభుత్వ కార్యాలయాలను వేరుగా చూపించమనండి), అగ్రిమెంట్ అయిన ప్రతి పనికి మంజూరు మొత్తం, ఎం-బుక్ ప్రకారం అయిన పని, చెల్లించింది, చెల్లించాల్సింది చూపే పట్టీ, ధరావతుల రిజిస్టర్ మొత్తం, ఖాతాల వారీ బ్యాంకు సమన్వయ పట్టీ, టీయూఎఫ్‌ఐడీసీ (పట్టణాలకు అప్పులిచ్చే రాష్ట్ర సంస్థ) అప్పు ఉంటే వాయిదాల షెడ్యూలు, స్టేట్ ఆడిట్ చివరి నివేదికలోని పరిష్కారం కాని అభ్యంతరాలు. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు, 30 రోజుల గడువు. కాబట్టి మీటింగు నోటీసు వచ్చాక వేస్తే దొరకవు, జనవరి మొదట్లోనే వేయాలి. ఆర్థిక సంఘం షరతు ప్రకారం లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాల్సిందే. సిటీ ఫైనాన్స్ పోర్టల్‌లో మీ పట్టణం ఆస్తి అప్పుల పట్టీ ఉందేమో ముందు అక్కడ చూడండి, ఒక దరఖాస్తు మిగులుతుంది.

—

పానగల్ రోడ్ (నల్లగొండ):

అందరికీ ధన్యవాదాలు. ఇంత లోతుగా ఉంటుందనుకోలేదు. పనులు అసలే వద్దు అని రాసిస్తే కాలనీవాళ్ళే ఊరుకోరు. 7 కోట్ల బాకీ తీరాలి, కొన్ని మోరీలైనా పడాలి. మరి ఏం అడగమంటారు?

—

పద్దుల పుస్తకం:

సవరణ అంచనా గారు చెప్పింది నిజమే, యజమాని వాటా కలపకపోతే నా మూడు లక్షలు కూడా లోటే.

7 కోట్లకు ముసాయిదాలో విడిగా ఒక పద్దు తెరవమనండి, 'గత సంవత్సరాల పనుల బాకీలు' అని. మూడేళ్ళలో తీర్చాలంటే ఏడాదికి 2.33 కోట్లు. వరుస క్రమం ఎం-బుక్ తేదీని బట్టి ఉండాలి, లేకపోతే పలుకుబడి ఉన్నవాళ్ళ బిల్లు ముందు పోతుంది. షరతుల్లేని 40 శాతం, అంటే 3.6 కోట్లు, రాష్ట్ర గ్రాంటులో అనుమతి ఉన్న భాగం వార్డు పనులకు మిగులుతాయి. ముందు మోరీలు, కల్వర్టులు, తర్వాత సీసీ. మోరీ లేకుండా సీసీ వేస్తే గల్లీ ఎత్తు పెరిగి నీళ్ళు ఇళ్ళలోకి పోతాయి, రెండేళ్ళకు అదే రోడ్డు పగలగొట్టి మోరీ తవ్వుతారు. ఒకే గల్లీకి రెండు బిల్లులు.

మిగతా పనులను రెండో జాబితాగా పెట్టమనండి. సెప్టెంబర్ ఆఖరుకు వసూలు అనుకున్న మొత్తంలో ఇంత వంతు దాటితేనే వాటికి టెండర్ అని తీర్మానంలోనే రాయించాలి. జులై నుంచి సెప్టెంబర్ దాకా పన్ను రాబడి పలుచన, అదే టైముకు వాన నీళ్ళు, పూడిక తీత, దోమల మందు ఖర్చు. ఆ మూడు నెలలకు జీతాలు, కరెంటు సరిపోయేంత ఏప్రిల్ వసూలులోంచి పక్కన పెట్టకపోతే ఆగస్టులో ఈపీఎఫ్, డీజిల్ ఆగుతాయి.

రాబడి పెంచే అడుగు ఒకటి రాయండి, పన్ను రేటు జోలికి పోకుండానే. డిస్కం నుంచి పట్టణంలోని ఎల్‌టీ రెండో కేటగిరీ, అంటే వాణిజ్య కనెక్షన్ల జాబితా తీసుకొని ఇంటి పన్ను రిజిస్టర్‌తో, ట్రేడ్ లైసెన్సులతో జత చేయడం. వాణిజ్య మీటర్ ఉండి పన్ను నివాసం కింద కట్టేవి, లైసెన్సు లేనివి అక్కడే బయటపడతాయి. సర్వీస్ నంబర్, ఇంటి నంబర్ రెండూ ఉన్న గడి లేకపోతే జత కుదరదు. బిల్ కలెక్టర్లు తిరిగేటప్పుడు మీటర్ నంబర్ రాసుకోవాలి. వార్డుకు ఒక మనిషి, ఒక సీజన్ పని. మడిగెలకు గడువు తీరినా పాత కిరాయికే నడుస్తున్నవి ఎన్నో లీజు రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది, వాటి జాబితా కూడా అడగండి.

—

మూడో వైరు:

పంపుల సామర్థ్య పరీక్ష, డిమాండ్ తగ్గింపు, కెపాసిటర్లు, దీపాల లోడు సవరణ, ఈ నాలుగూ అభ్యంతరాల్లో చేర్చండి. కరెంటు పద్దులో మిగిలేది 7 కోట్ల బాకీ పద్దుకే మళ్ళించాలని ఒక వాక్యం రాయండి. లేకపోతే ఆ మిగులు కొత్త హైమాస్ట్ లైట్లుగా మారుతుంది, వాటికి మళ్ళీ బిల్లు.